ఉగాది సెలవుల్లో వ్యానే ఇల్లు: సీమ కొండల్లో తిరగడం గురించి మీరడిగినవి

పోయిన సంచికలో క్యాంపర్ వ్యాన్ గురించి నాలుగు మాటలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వెనక మంచం, చిన్న వంటగట్టు, ఒక ఫ్రిజ్ ఉండే బండిని కొందరు కారవాన్ అంటున్నారు, కొందరు ఆర్‌వీ అంటున్నారు, మనవైపు ఎక్కువమంది టెంపో ట్రావెలర్‌నే అట్లా మార్పించుకుంటున్నారు కాబట్టి నేను వ్యాన్ అనే రాస్తా. దాదాపు అందరూ అడిగింది ఉగాది ముందు వెనక రోజుల గురించే, అదీ కర్నూలు, కడప, అనంతపురం వైపే. జిల్లాలు 2022లో విడిపోయి నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య అని కొత్త పేర్లు వచ్చాయి గానీ ఇక్కడ నేను పాత జిల్లాల లెక్కనే మాట్లాడతా, ఏమనుకోవద్దు.

కర్నూలు నుంచి ఒక టీచరమ్మ: ఉగాదికి మాకు 6 రోజులు దొరుకుతాయి. అత్తమ్మ, మామయ్య, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. వ్యాన్ అద్దెకు తీసుకోని శ్రీశైలం, మహానంది, అహోబిలం, యాగంటి, బేలం, గండికోట, ఒంటిమిట్ట, లేపాక్షి అన్నీ చూసి రావాలని మా ఆయన లిస్టు రాసి పెట్టుకున్నారు. అవుతుందా?

తిరగడానికైతే తిరగొచ్చు మేడమ్, కానీ మూడో రోజుకే అత్తమ్మ మామయ్య మంచం పడతారు, పిల్లలు ఏడుస్తారు. ఎందుకంటే మన సీమలో వసంతం అంటే పొద్దున 6 నుంచి 10 దాకా, మళ్లీ సాయంత్రం 5 దాటినాక. మధ్యలో ఉండేది ఎండాకాలమే. మార్చి ఆఖరుకే కడపలో 40 డిగ్రీల దగ్గరికి పోతుంది. ఆ మధ్య టైములో రేకు పైకప్పు ఉన్న బండిలో కూర్చోని ప్రయాణం చేస్తే ఏ ఊరు చూసినా చూసినట్టు ఉండదు. కాబట్టి రోజుకు ఒక్క ఊరు పెట్టుకోండి, తెల్లారక ముందే కదలండి, 10 గంటలకల్లా చెట్టు నీడ, నీళ్లు ఉండే చోట బండి ఆపేయండి, పొద్దు వాలినాక మళ్లీ బయటికి రండి. వ్యాన్ తీసుకునేది అందుకే, మధ్యాహ్నం పడుకోవడానికి మంచం వెంటే వస్తుంది. లాడ్జీలో అయితే చెకిన్ టైము అనీ చెకౌట్ టైము అనీ ఎండలో పడి పరిగెత్తాలి.

మీ లిస్టులో శ్రీశైలం, లేపాక్షి తీసేయండి. లేపాక్షి ఇంకో దిక్కు, దాని సంగతి కింద వేరే చెప్తా. శ్రీశైలం అయితే ఉగాదికి కర్ణాటక నుంచి భక్తులు వేలకు వేలు కాలినడకన నల్లమల దాటి వస్తారు, వాళ్లకది ఎన్ని తరాలుగానో వచ్చే మొక్కు, ఆ వారం ఆత్మకూరు వైపు దారంతా వాళ్లదే, ఎండలో బొబ్బలెక్కిన కాళ్లకి గుడ్డలు చుట్టుకోని నడుస్తా ఉంటారు, అంత పెద్ద బండి వేసుకోని వాళ్ల మధ్య హారన్ కొట్టుకుంటా పోవడం నాకు ఇష్టం లేదు. ఇంకో నెలలో పోండి.

నేనైతే ఇట్లా పోతా. మొదటి రోజు పొద్దున 5:30కి కర్నూలు వదిలి నంద్యాల రోడ్డు పట్టుకుంటే 20 కిలోమీటర్లు దాటేసరికి ఓర్వకల్లు రాళ్లవనం వస్తుంది, అప్పుడే ఎండ పడతా ఉంటే ఆ రాళ్ల రంగు చూడాల. అక్కడ టిఫిన్ తినేసి నేరుగా మహానంది. కోనేట్లో నీళ్లు అడుగున వేసిన సూది కూడా కనపడేంత తేటగా ఉంటాయి, ఎండాకాలమైనా తగ్గవు, ఆ పారే నీళ్లతోనే చుట్టూ అరటి తోటలు. మామయ్యగారికి స్నానం చేయించండి, మధ్యాహ్నం అక్కడే చెట్ల కింద పడుకోండి, రాత్రి కూడా అక్కడే. దారిలో నంద్యాల దాటేటప్పుడు పిల్లలకి ఒకటి చెప్పండి, మన ప్రాంతానికి రాయలసీమ అనే పేరు 1928లో ఈ ఊర్లో జరిగిన సభలోనే పెట్టారు, చిలుకూరి నారాయణరావు గారు సూచించిన పేరది. అంతకుముందు 1800లో నిజాం ఇంగ్లీషోళ్లకి రాసిచ్చేసిన జిల్లాలు కాబట్టి దత్త మండలాలు అనేవాళ్లు, అంటే మనల్ని ఎవరో ఎవరికో ఇచ్చేసినట్టు పిలిచేవాళ్లు. ఆ పేరు పోయి ఈ పేరు రావడం చిన్న విషయం కాదు, నాకైతే నంద్యాల బోర్డు చూసిన ప్రతిసారీ అదే గుర్తొస్తుంది.

రెండో రోజు ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే శిల్పాలు చెక్కుతా ఉంటారు, ఉలి చప్పుడు వినపడితే బండి ఆపండి. అహోబిలంలో తొమ్మిది నరసింహులూ చూడాలని పట్టుబట్టొద్దు. పెద్దవాళ్లతో దిగువ అహోబిలం గుడి, దగ్గర్లో బండి పోయే ఛత్రవటం, యోగానంద, తర్వాత ఎగువ గుడి, అంతే. జ్వాలా నరసింహస్వామి దగ్గరికి రాళ్లల్లో నడవాలి, మీరూ మీ ఆయనా కావాలంటే తెల్లారగట్ట పోయి రండి, పిల్లల్ని తాత దగ్గర వదిలి. మోదుగులు పూసి ఉంటే ఆ కొండవాలు ఎర్రగా కనపడతాది, నల్లమలకి వసంతం వచ్చిందనడానికి అదే గుర్తు. బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలోనే అయిపోయి ఉంటాయి కాబట్టి జనం కూడా తక్కువే.

మూడో రోజు ఉగాది అయ్యేట్టు చూసుకోని కడపలో ఉండండి. ఇది మాత్రం తప్పించుకోవద్దు మేడమ్. ఉగాది పొద్దున దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు వస్తాయి, టెంకాయ కొడతారు, తీర్థం తీసుకుంటారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు, ఆమె మొగుడు మాకు అల్లుడు, పండగరోజు అల్లుణ్ణి చూడకుండా ఎట్లా అంటారు. ఎవరో రాసి పెట్టుకున్న సామరస్యం కాదు అది, చుట్టరికం. మీ పిల్లలు పుస్తకాల్లో ఎన్ని చదివినా ఆ క్యూలో అరగంట నిలబడినంత కాదు. సాయంత్రం పెద్ద దర్గాకి కూడా పోయి రండి.

ఒంటిమిట్ట కడపకి 25 కిలోమీటర్లే కాబట్టి కడప నుంచే పోయి రావొచ్చు, ఒకే రాతిలో చెక్కిన సీతారామలక్ష్మణులు, గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. కానీ అక్కడ కల్యాణం శ్రీరామనవమి రోజు పగలు కాదు, ఆ తర్వాత పున్నమి రోజుల్లో రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది. అది చూడాలనుకుంటే ఉగాదికి కాకుండా రెండు వారాలు ఆగి బయల్దేరాలి. రెండూ ఒకే ట్రిప్పులో పడవు.

నాలుగో రోజు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట. సాయంత్రం 4:30కి ముందు చేరొద్దు. మేము మొదటిసారి పోయినప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకి చేరినాము, చుట్టూ రాయే, నీడ లేదు, మా అమ్మకి కళ్లు తిరిగి మాధవరాయ గుడి మండపంలో పడుకోబెట్టి తడిగుడ్డ వేసి కూర్చున్నాం, పెన్నానది చూసేది మర్చిపోయినాం ఆ రోజు. ఐదో రోజు పొద్దునే కోటలో జామియా మసీదు, ధాన్యాగారం, రంగనాథుడి గుడి చూసుకోని బేలం గుహలు. ఆరో రోజు తెల్లారి యాగంటి, అక్కడి కోనేట్లో స్నానం చేసుకోని బనగానపల్లె మీదుగా ఇంటికి. ఉగాదికి బంగినపల్లి పండు రాదు, పిందెలు చూసి రావాల్సిందే.

బేలం గురించి ఒక మాట. లోపల చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, ఉండదు, గాలి తక్కువ, ఉక్క, చెమట కారిపోతుంది. మొత్తం గుహ పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని పోనిచ్చేది సగం లోపే, గుహ అడుగున నీళ్లు ఉండే పాతాళగంగ దాకా దిగాలంటే వంగి పోవాల్సిన చోట్లు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులుంటే అత్తమ్మని మొదటి హాలు దాకా తీసుకుపోయి చాలనండి. 1884లో బ్రూస్ ఫుట్ అనే ఆయన దీని గురించి రాసిపెట్టినాడు, మళ్లీ దాదాపు వందేళ్లకి జర్మనీ నుంచి వచ్చిన వాళ్లు లోపలంతా కొలిచినారు, జనాలకి తెరిచింది 2002లో. పిల్లలకి ఆ గోడ చూపించి మన వంటగట్టు బండ కూడా ఈ జాతి రాయే అని చెప్పండి. కడప బండ, బేతంచెర్ల బండ అని ఇళ్లకి వేసుకునేది ఈ సున్నపురాయే, వానకి కరిగి కరిగి ఇట్లా గుహ అయింది. గండికోటలో పెన్నా కోసింది మాత్రం వేరే గట్టిరాయి, అందుకే అక్కడ గోడలు అట్లా నిటారుగా నిలబడినాయి.

ఆదోని నుంచి ఒక అన్న: మా ఫ్రెండుది వైట్ బోర్డు వ్యాన్ ఉంది, వెనక సీట్లు తీసేసి మంచాలు వేయించినాడు. రోజుకింత అని తీసుకోని మమ్మల్ని నడుపుకోమంటున్నాడు. నాకు కారు లైసెన్సు ఉంది. ఏమైనా ఇబ్బందా?

లైసెన్సుతో ఇబ్బంది లేదన్నా. ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సు, అంటే మీ కారు లైసెన్సే, ఉన్నవాళ్లు మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండ్లు నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పింది, టెంపో ట్రావెలర్ ఆ లోపే ఉంటుంది. ఇబ్బంది మిగతా రెండిట్లో ఉంది. ఒకటి, వైట్ బోర్డు బండిని, అంటే సొంత వాడకానికని తెల్ల ప్లేటు ఉన్నదాన్ని, డబ్బులకి ఇవ్వకూడదు. డ్రైవర్‌తో ఇచ్చే బండికి పసుపు ప్లేటు ఉండాలి, మనమే నడుపుకునేదానికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. రెండు, సీట్లు తీసి మంచాలు వేసిన మార్పు ఆర్‌సీలో ఎక్కిందా లేదా చూడండి, ఎక్కకపోతే రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు ఆ మాటే పట్టుకుంటారు. మీ ఫ్రెండు మంచోడే కావొచ్చు, కానీ ఇంటిమంది ప్రాణాలు ఎక్కే బండి, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ మూడూ కళ్లారా చూడకుండా తాళం తీసుకోవద్దు.

ఇంకోటి, బండి కదిలేటప్పుడు ఎవ్వరూ మంచం మీద పడుకోకూడదు. ముఖ్యంగా పిల్లలు. సీటు, బెల్టు. పడుకోవాలంటే బండి ఆపి పడుకోవాలి. హంపీ కూడా పోదామనుకుంటే కర్ణాటక పర్మిట్, ట్యాక్సు ముందే కట్టించుకోండి.

కడప నుంచి ఇంజనీరింగ్ చదివే తమ్ముడు: వ్యాన్‌లో ఏసీ ఉంది, రెండో బ్యాటరీ ఉంది, పైన సోలార్ ఉంది అంటున్నారు. రాత్రంతా ఏసీ ఆడుతుందా?

ఆడదు తమ్ముడూ. లెక్క వేసుకో. 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 2,400 వాట్ అవర్లు, కానీ సగానికి మించి వాడితే ఆ బ్యాటరీ పాడైపోతుంది, అంటే నీ చేతిలో ఉండేది 1,200. ఒక టన్ను ఏసీ కంప్రెసర్ తిరిగినంతసేపు గంటకి దాదాపు అంతే తాగుతుంది. గంట, బాగుంటే గంటన్నర. లిథియం బ్యాటరీ అయితే ఎక్కువ భాగం వాడుకోవచ్చు కాబట్టి రెండు గంటలు అనుకో. అదే 12 వోల్టుల ఫ్యాన్ అయితే 25 వాట్లు, రెండు ఫ్యాన్లు 8 గంటలు తిరిగినా 400 వాట్ అవర్లు. కాబట్టి రాత్రి ఫ్యాన్లు, రెండు పక్కలా దోమతెర వేసిన కిటికీలు తెరుచుకోవడం, ఇదే పద్ధతి. ఏసీ కావాల్సిందే అంటే హోటల్ వాళ్ల దగ్గర డబ్బులిచ్చి 16 ఆంపుల ప్లగ్గు తీసుకునే చోట రాత్రి ఆగాల.

సోలార్ గురించి అడిగినావు. మన ఎండకి 200 వాట్ల ప్యానెల్ రోజుకి ఇంచుమించు 800, 900 వాట్ అవర్లు ఇస్తుంది, మన ఎండ సంగతి తెలిసే కదా ఓర్వకల్లు దగ్గర గని, శకునాల ఊర్లల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టినారు. కానీ చిక్కు యాడుందంటే, మధ్యాహ్నం మనుషులు ఉండాలంటే బండి నీడలో ఉండాల, ప్యానెల్ పనిచేయాలంటే ఎండలో ఉండాల. రెండూ కావాలంటే విడిగా తీసి పెట్టుకునే మడత ప్యానెల్, పది మీటర్ల వైరు కొనుక్కో. మేము అట్లే చేస్తాం, బండి చింతచెట్టు కింద, ప్యానెల్ గట్టు మీద.

ఒకసారి మేము అద్దెకు తెచ్చుకున్న వ్యాన్‌లో బ్యాటరీ కొత్తదే అన్నారు, రాత్రి 1 గంటకి ఫ్యాన్లు ఆగిపోయినాయి, మా చిన్నోడికి అప్పుడు రెండేళ్లు, తెల్లారేదాకా విసనకర్రతో విసిరినాం. అప్పటి నుంచి డబ్బులు కట్టేముందు ఇంజన్ ఆపి, ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ అన్నీ వేసి ఒక గంటసేపు అక్కడే కూర్చుంటా. నువ్వూ కూర్చో.

ఇది చానా ముఖ్యం, ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి నిద్రపోవద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, నిద్రలోనే పోతారు. లోపల తలుపులన్నీ మూసి గ్యాస్ పొయ్యి వెలిగించడం కూడా అంతే ప్రమాదం.

నంద్యాల నుంచి ఒక పెద్దమ్మ: నాకు షుగరు, రాత్రి మూడుసార్లు లేవాల. మా కోడలు వ్యాన్‌లో పోదాం రా అత్తా అంటాంది, నాకు ఈ ఒక్కదానికే భయం. నీళ్లు, బాత్రూము సంగతి ఎవరూ రాయరు, నువ్వు రాయి నాయనా.

రాస్తా పెద్దమ్మా, మీరు అడగడమే మంచిదైంది, ఇది సిగ్గుపడే విషయం కాదు. వ్యాన్‌లో పెట్టుకునే చిన్న పోర్టబుల్ టాయిలెట్ వస్తుంది, కింద 10, 20 లీటర్ల డబ్బా ఉంటుంది, మందు నీళ్లు పోస్తే వాసన రాదు. అది ఉన్న బండే తీసుకోమని కోడలికి చెప్పండి, లేకపోతే విడిగా కొనుక్కోవచ్చు. చుట్టూ తెర, రాత్రి వెలిగే చిన్న లైటు, పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉండేట్టు చూసుకోండి. మెట్టు ఎత్తు ముందే ఎక్కి దిగి చూడండి, ఎత్తుంటే చెక్క పీట ఒకటి వెంట పెట్టుకోండి. ఇన్సులిన్ వాడుతుంటే ఫ్రిజ్‌లో పెట్టండి కానీ గడ్డ కట్టే చోట పెట్టొద్దు, బ్యాటరీ ఆగిపోతే పనికొచ్చేట్టు తడిగుడ్డ చుట్టిన కుండ ఒకటి ఉంచుకోవడం మంచిది.

ఆ డబ్బా ఖాళీ చేసేది మాత్రం బస్టాండులోనో హోటల్లోనో పెట్రోల్ బంకులోనో అడిగి వాళ్ల టాయిలెట్‌లోనే. పెన్నాలోనో పాపాఘ్నిలోనో, కోనేటి పక్కన కాలువలోనో పోయకూడదు. ఎండాకాలం ఏట్లో ఉండేదే కొంచెం నీళ్లు, చెలమ తవ్వుకోని తాగే ఊర్లు ఇంకా ఉన్నాయి. అంట్లు కడిగిన సబ్బు నీళ్లు కూడా అంతే.

వాడకం నీళ్లు మనిషికి రోజుకి 10, 12 లీటర్లు పెట్టుకోండి. తాగే నీళ్లు వేరే, ప్రతి ఊర్లో మినరల్ వాటర్ ప్లాంటు ఉంది, 20 లీటర్ల క్యాను నింపుకోవచ్చు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి, అక్కడ ఎవరింటి ముందైనా బోరు నీళ్లు పట్టుకోవాల్సి వస్తే అడిగి పట్టుకోవాల, పైప్ పెట్టి వ్యాన్ కడగడం లాంటివి చేయకూడదు. వందల లీటర్లు మోయొద్దు కూడా, 100 లీటర్లంటే 100 కిలోలు, ఘాట్‌లో ఆ బరువు బ్రేకుల మీద పడుతుంది.

ధర్మవరం నుంచి ఒక చెల్లెలు: మా అనంతపురం వైపు చూడాల్సినవి ఏమీ లేవా అన్నా? అందరూ గండికోట అనే అంటారు. మాకు 3 రోజులే ఉన్నాయి.

ఎందుకు లేవు చెల్లీ, మూడు రోజులకి సరిగ్గా సరిపోతాయి, నాకు ఇష్టమైన దారి కూడా ఇదే. ధర్మవరం పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు, ముందు అక్కడికి పో, మేకతోలు మీద రంగులు వేసి వెలుతురుకి పట్టుకోని చూపిస్తారు, పిల్లలుంటే కదలరు. తర్వాత పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ పోయినాక విజయనగర రాజులు రాజధాని చేసుకున్నది ఈ ఊరే. గగన్ మహల్, చుట్టూ గుళ్లు, బాబయ్య దర్గా, అన్నీ నడిచే దూరంలో. అంత పెద్ద రాజ్యం చివరికి ఈ కొండ కిందికి వచ్చి తలదాచుకుందనేది తలచుకుంటే, సాయంత్రం పూట ఆ గోడల పక్కన నిలబడితే, మనసు ఒకలా అయిపోతుంది. హైవే మీద బెంగళూరు పోయే బండ్లు అటే చూడకుండా పోతా ఉంటాయి, నాకు బాధ అదే.

రెండో రోజు పొద్దునే లేపాక్షి. ముందు నంది దగ్గర ఆగు, ఒకే రాయి, 4.5 మీటర్ల ఎత్తు, 8 మీటర్లకి పైన పొడవు, గుడిలోని నాగశిల వైపు చూస్తా కూర్చోని ఉంటుంది. గుడి అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించింది. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి ఫోటో తీసుకోని వచ్చేస్తారు, నువ్వు మాత్రం పైకి చూడు. మండపం కప్పు మీద రంగుల బొమ్మలు ఉన్నాయి, ఆ ఆడవాళ్ల చీరల అంచులు చూడు. ధర్మవరం దానివి, నీకు ఆ అంచుల సంగతి నాకంటే బాగా తెలుస్తుంది.

మధ్యాహ్నానికి గుడి దగ్గర నీడలో పడుకోని, సాయంత్రం కదిరి. నరసింహస్వామి తేరు ఫాల్గుణంలోనే అయిపోతుంది, తేరు మీదికి మిరియాలు, దవనం చల్లుతారు, ముస్లింలు కూడా వస్తారు, అది చూడాలంటే ఉగాదికి ముందే పోవాల. మూడో రోజు తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్‌లోకి ఎక్కిన చెట్టు, దగ్గర దగ్గర ఐదు ఎకరాలు పరుచుకుంది. ఈ మొత్తం ట్రిప్పులో మధ్యాహ్నం కూడా హాయిగా ఉండే చోటు ఇది ఒక్కటే, 10 నుంచి 4 దాకా అక్కడే ఉండు, బండి మాత్రం చెట్టుకి దూరంగా పెట్టు, ఊడల కింద టైరు పోనీయొద్దు, మేకులు కొట్టి తాడు కట్టొద్దు.

ఇంకో రోజు కలిసొస్తే గుత్తి కోట ఎక్కు, పొద్దున 6కి మొదలుపెట్టాల. దత్త మండలాల కలెక్టర్‌గా చేసిన మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చింది గుత్తిలోనే. తాడిపత్రి కూడా దగ్గరే, బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాల మీద చెక్కిన పని చూస్తే రాయి అని నమ్మబుద్ధి కాదు.

తిండికి ఏం మోసుకుపోవద్దు. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల చట్నీ, ఎక్కడైనా దొరుకుతాయి. ఉగాది రోజు వ్యాన్‌లో ఓళిగలు చేయాలనుకుంటే పూర్ణం ఇంట్లోనే రుబ్బి తెచ్చుకో. వేపపువ్వు దారిలో ఏ చెట్టు కిందైనా దొరుకుతుంది.

ఆత్మకూరు నుంచి ఒక డ్రైవరన్న: రాత్రి చల్లగా ఉంటుంది కదా, నల్లమలలో రాత్రిపూట పోయి అడవిలోనే ఎక్కడో ఆపుకోని వంట చేసుకోవచ్చా?

వద్దన్నా, రెండూ వద్దు. అది పులుల అడవి, దోర్నాల నుంచి శ్రీశైలం దారి గేట్లు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, జంతువులు రోడ్డు దాటే టైము అది. నిప్పు సంగతి ఇంకా ముఖ్యం. ఈ నెలల్లో ఆకు రాలి ఎండి గలగలమంటా ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు గుట్టంతా పోవడానికి. బీడీ కూడా ఆర్పి బండిలోనే వేసుకోవాల. ఊరి దగ్గర గుడి వసతిలోనో టూరిజం హోటల్ ఆవరణలోనో అడిగి ఆగండి.

ఘాట్ దిగేటప్పుడు మీకు నేను చెప్పేదేముంది, కానీ కారు అలవాటు ఉండి కొత్తగా వ్యాన్ పట్టినవాళ్ల కోసం రాస్తున్నా. నంద్యాల నుంచి గిద్దలూరు ఘాట్ అయినా కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్ అయినా, ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకూడదు. కాలిన వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వాలి, వేడి మీద నీళ్లు పోయకూడదు. గువ్వలచెరువులో పాలకోవా అంగళ్ల దగ్గర ఎట్లాగూ ఆగుతారు, అప్పుడు టైర్లు కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోండి. గాలి మాత్రం పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే చెక్ చేయించాలి.

ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి: మా పాపకి ఐదేళ్లు, నిలకడ లేదు. గండికోట లోయ అంచున కంచె లేదంట కదా, తీసుకుపోవచ్చా?

తీసుకుపోండమ్మా, కానీ చెయ్యి వదలొద్దు. ఆ రాళ్ల అంచున చాలా చోట్ల అడ్డం ఏమీ లేదు, రాళ్లు పగిలి దొంతరలుగా ఉంటాయి, గాలి కూడా గట్టిగా కొడుతుంది. మేము పిల్లలతో పోయినప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం, అంచుకి పది అడుగుల ముందు ఒక చదును బండ చూసుకోని అక్కడ కూర్చునే చూస్తాం, ఒక్కో పిల్లకి ఒక్కో పెద్దమనిషి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. సెల్ఫీ కోసం అంచుకి పోయేవాళ్లని చూసి పిల్లలు అటే పోదామంటారు, అందుకే సాయంత్రం జనం ఎక్కువ ఉన్నప్పుడు కాకుండా పొద్దున తీసుకుపోండి. బండి కోట బయట టూరిజం హోటల్ వైపు పెట్టుకోని రాత్రి అక్కడే పడుకోండి, హ్యాండ్‌బ్రేకు వేసి చక్రాల కింద రాయి పెట్టండి. ఆరున్నరకల్లా పాపకి పాలు తాగించి బయల్దేరితే లోయలో ఎండ ఇంకా సగం దాకే దిగి ఉంటుంది, కింద పెన్నా నీళ్లు నల్లగా ఉంటాయి, చిలకలు గుంపులు గుంపులుగా గోడల్లోంచి బయటికొస్తా ఉంటాయి. ఎనిమిదిన్నర అయ్యేసరికి వెనక్కి వచ్చేయండి.